ఎవరూ అడగని ఒక నిమిషం

ఇండోర్ హాకీలో గ్రీన్ కార్డు చూపిస్తే ఆటగాడు ఒక నిమిషం బయట కూర్చోవాలి. బయటి మైదానంలో ఆడే హాకీలో అయితే రెండు నిమిషాలు. నిద్రలో లేపి అడిగినా ఈ తేడా చెప్పగలను. ఇరవై ఆరేళ్లు ఎంతోమందికి చెప్పాను కూడా. అయినా ఆసియా పురుషుల ఇండోర్ హాకీ పోటీలకు ఆటగాళ్లను ఎంపిక చేస్తున్న ఆటలో, గ్రీన్ కార్డు వచ్చిన ఒక యువకుణ్ణి రెండు నిమిషాలు కూర్చోబెట్టాను. 

టేబుల్ డ్యూటీకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు కప్పిన శాలువాల లెక్క, ఇచ్చిన సర్టిఫికెట్ల లెక్క నా దగ్గర ఉంది. అవి మీకు పనికిరావు.

పని ఏమిటంటే

కోదాడలో పద్నాలుగేళ్లు, మిర్యాలగూడలో పంతొమ్మిదేళ్లు బాలికల పాఠశాలల్లో పీఈటీగా పనిచేశాను. హాకీ పోటీల్లో టేబుల్ దగ్గర కూర్చోవడం దానికి తోడుగా వచ్చిన పని. రిటైరయ్యాక కూడా అది వదల్లేదు.

కోర్టు పక్కన, సరిగ్గా మధ్యలో ఒక టేబుల్ ఉంటుంది. ఒకరు గడియారం చూస్తారు, ఒకరు షీటు రాస్తారు. గోల్ ఎవరు వేశారు, ఎన్నో నిమిషంలో వేశారు, కార్డు ఎవరికి వచ్చింది, అతను ఎప్పుడు బయటికి వెళ్లాడు, ఎప్పుడు లోపలికి వచ్చాడు, ఇదంతా మన లెక్క. కార్డు తిన్నవాడు మన టేబుల్ పక్కన కుర్చీలో కూర్చుంటాడు. మనం తల ఊపితేనే లేవాలి.

ఇండోర్ ఆట చిన్న హాలులో జరుగుతుంది. నలభై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు. రెండు పక్కలా జానెడు ఎత్తు కూడా లేని చెక్కలు అడ్డంగా పెడతారు, బంతి వాటికి తగిలి తిరిగి వస్తుంది. జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురే. కర్రతో బంతిని కొట్టకూడదు, తోయాలి. పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. ఆరుగురిలో ఒకడు కుర్చీలో కూర్చుంటే మిగిలిన ఐదుగురికి ఊపిరి ఆడదు. అందుకే అక్కడ శిక్ష ఒక నిమిషమే.

అంపైర్ తప్పు చేస్తే హాలంతా అరుస్తుంది. టేబుల్ తప్పు చేస్తే ఎవరికీ తెలియదు. ఈ పనిలో ఉన్న భయం అదే. నేను మాత్రం చాలాకాలం దాన్ని సుఖం అనుకున్నాను.

పెద్దసారు నేర్పినవి రెండు

నాకు ఈ పని నేర్పింది మిర్యాలగూడలో మా ముందుతరం పీఈటీ. అందరం పెద్దసారు అనేవాళ్లం. మొదటి రోజే రెండు మాటలు చెప్పారు.

"సూడమ్మా, విజిల్ ఇనపడంగనే ముందు టైం రాయి. ఎవడు ఎవణ్ణి తన్నిండో తర్వాత సూద్దువు."

ఇది బంగారం లాంటి మాట. కొత్తవాళ్లందరూ గొడవ చూస్తూ గడియారం మరిచిపోతారు. నాలుగైదు సెకన్లు పోతాయి. మీరు పోనివ్వకండి.

రెండో మాట: "టేబుల్ కాడికి వచ్చినోణ్ణి నోరు తెరవనియ్యకు. ఒక్కనికి జవాబిస్తే పదిమంది వస్తరు."

ఇదీ బంగారమే అనుకున్నాను. మొదటిదానికంటే బాగా పట్టుకున్నాను.

నడిగూడెంలో ఒకసారి బయటి మైదానంలో ఫైనల్ జరుగుతోంది. మూడు నిమిషాల ఆట మిగిలి ఉంది. నిర్వాహకుల్లో ఒకాయన చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చాడు.

"మేడం, చీఫ్ గెస్టు కారు మునగాల దాటింది. జర గడియారం ఆపుండ్రి. ఆయన దిగంగనే ఒక గోల్ పడితే ఫోటో మంచిగ వస్తది."

"గోల్ సంగతి మీరు చూసుకోండి. గడియారం సంగతి నేను చూసుకుంటాను."

"గట్లంటే ఎట్ల మేడం? పెద్దమనిషి!"

"పెద్దమనిషే కదా, టైముకు బయలుదేరడం తెలిసే ఉంటుంది. పక్కకు జరగండి, గోల్‌పోస్టు కనబడట్లేదు."

ఆట అయిపోయింది. చీఫ్ గెస్టు ఖాళీ మైదానంలో దిగాడు. ఆ రోజు నుంచి ఈ చుట్టుపక్కల ఊళ్లలో నాకొక పేరు వచ్చింది. ఆమె గడియారం కలెక్టర్ వచ్చినా ఆగదు, ఆమె లెక్క తప్పదు. ఆ పేరు నాకు బాగా నచ్చింది. టేబుల్ దగ్గరికి వచ్చి "ఇంకెంత టైం ఉంది మేడం" అని అడిగిన కోచ్‌ను అందరి ముందు వెనక్కి పంపేదాన్ని. రెండుసార్లు అలా పంపితే మూడోవాడు రాడు. నేను కూర్చున్న హాలులో టేబుల్ చుట్టూ నిశ్శబ్దం ఉండేది. అది క్రమశిక్షణ అనుకున్నాను.

మిల్లు గోదాము

నేను రెండు నిమిషాలు కూర్చోబెట్టిన యువకుడి పేరు సైదులు, ఊరు పాలకీడు దగ్గర ఒక తండా. వాళ్ల నాన్న రూప్లా మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో హమాలీ. సైదులు డిగ్రీ అయ్యాక అదే మిల్లులో కాంటా దగ్గర పనిలో చేరాడు. అప్పటికే కాలేజీలో హాకీ ఆడేవాడు. ఇండోర్ ఆడటానికి ఇక్కడ హాలు ఏది? రూప్లా మిల్లు సేటును బతిమాలి, ఖాళీగా ఉన్న గోదాము తాళంచెవి ఆదివారాల కోసం అడిగి తెచ్చాడు.

నేను నెలకు రెండు ఆదివారాలు కోదాడ నుంచి బస్సులో వెళ్లి వాళ్ల ఆటకు టైం చూసేదాన్ని. గోదాము నేల నున్నటి సిమెంటు, కానీ దాని మీద ఎప్పుడూ తవుడు దుమ్ము. తడి గోనెసంచులతో తుడవకపోతే కాలు నిలవదు. పక్క చెక్కలుగా పాత ట్రాక్టర్ ట్రాలీ పలకలు పెట్టేవాళ్లు. ఒక మూలన బస్తాలు మిగిలి ఉంటే హమాలీలు తమ సెలవు రోజున వచ్చి మోసి పక్కన పెట్టేవాళ్లు. ఎవరూ పిలవకుండానే. "మా సైదులు ఆసియాకు పోతడు" అని రూప్లా వాళ్లందరికీ చెప్పేశాడు మరి. ఆసియాలోనే ఉన్నాం కదా అని ఎవరో నవ్వితే, "నువ్వు హుజూర్‌నగర్ దాటినవా ఎప్పుడన్న?" అని వాళ్ల నోరు మూయించాడట.

ఆ ట్రాలీ పలకల మధ్య సైదులు ఒక విద్య నేర్చాడు. ఎదుటివాడి పక్కనుంచి బంతిని చెక్కకు తోసి, అది తిరిగి వచ్చేసరికి తనే అక్కడ ఉండేవాడు. సరైన హాలులో ఆడినవాళ్లలో కూడా అంత బాగా చేసేవాళ్లను నేను ఇద్దరినే చూశాను.

సూర్యాపేటలో ఆ శనివారం

ఆసియా పోటీల జట్టు శిబిరానికి పన్నెండుమందిని ఎంపిక చేయడానికి సూర్యాపేటలో ఒక హాలులో ఆటలు పెట్టారు. ఇరవై నాలుగు మంది ఆటగాళ్లు. వాళ్లను ఎర్ర జట్టు, నీలం జట్టు అని విడదీశారు. సైదులు ఎర్ర జట్టు.

దానికి ముందు మూడు రోజులు హుజూర్‌నగర్‌లో పాఠశాలల పోటీలకు టేబుల్ చూశాను. అది బయటి మైదానం. మూడు రోజుల్లో పదకొండు గ్రీన్ కార్డులు. ఒక్కొక్కటి రెండు నిమిషాలు, మొత్తం ఇరవై రెండు నిమిషాలు పిల్లల్ని కూర్చోబెట్టాను. సూర్యాపేటకు వెళ్లే ముందు ఇండోర్ నియమాల కాగితం ఒకసారి చదవాల్సింది. చదవలేదు. నాకు కంఠతా వచ్చు కదా అనుకున్నాను.

నా పక్కన షీటు రాయడానికి స్వాతి కూర్చుంది. హుజూర్‌నగర్‌లో పీఈటీ, ఇద్దరు పిల్లల తల్లి, చురుకైన మనిషి. ఆఖరి భాగం నడుస్తోంది. ఎర్ర జట్టు నాలుగు, నీలం మూడు. ఇంకా ఆరు నిమిషాల పది సెకన్లు ఉందనగా సైదులు బంతి పోయిన కోపంలో ఎదుటివాడి కర్ర మీద తన కర్ర వేశాడు. గ్రీన్ కార్డు. సరైన కార్డే. వచ్చి మా పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

పెద్దసారు చెప్పినట్టు, స్వాతి ముందున్న షీటు నా వైపు లాక్కుని ముందు టైం రాశాను, 6:10. పక్కనే తిరిగి వెళ్లాల్సిన టైం రాశాను, 4:10. చెయ్యి ఆగలేదు.

గడియారం 5:10 చూపించినప్పుడు సైదులు కుర్చీలోంచి సగం లేచాడు. నేను కళ్లతోనే కూర్చోమన్నాను. కూర్చున్నాడు. అవతలి పక్క నుంచి ఎర్ర జట్టు కోచ్ ఒక వేలు చూపించాడు. నేను మొహం తిప్పుకున్నాను. స్వాతి "మేడం" అంది. "టేబుల్ దగ్గర మాటలొద్దు" అన్నాను.

4:52కు నీలం జట్టు గోల్ వేసింది. 4:21కి ఇంకొకటి. 4:10కి నేను తల ఊపాను. సైదులు లోపలికి ఉరికాడు. ఆ నాలుగు నిమిషాల్లో చెక్క మీది పాసులు మూడు ఇచ్చాడు, మూడూ గోల్ దాకా వెళ్లాయి కానీ పడలేదు. నీలం ఐదు, ఎర్ర నాలుగు.

సాయంత్రం జాబితా చదివారు. సైదులు పదమూడోవాడు. ఎంపిక చేసినవాళ్లలో ఒకాయన అందరి ముందే అన్నాడు: "ఆట ఉన్నది. కోపం మీద అదుపు లేదు. ఆయన కుర్చీల కూసున్నంతసేపట్ల రెండు గోల్స్ పడ్డయి."

నేను కూడా తల ఊపాను. న్యాయమే అనిపించింది.

నా చేతిరాత

మరునాడు ఆదివారం. నా అలవాటు ప్రకారం షీటు కార్బన్ కాపీని నోటుబుక్కులోకి ఎక్కిస్తున్నాను. కార్డు, బయటికి, లోపలికి, తేడా. తేడా గడిలో 2:00 అని రాసి, ముందు గడి చూశాను. గ్రీన్ అని ఉంది.

తీసివేత మళ్లీ చేశాను. నాలుగుసార్లు చేశాను. ఆరు పదిలోంచి నాలుగు పది పోతే రెండు. ఎన్నిసార్లు చేసినా రెండే. అంకెలు స్వాతి రాసి ఉంటుందేమోనని చూశాను. నా చేతిరాత. పసుపు కార్డు అయి ఉంటుందేమో, ఇండోర్‌లో పసుపుకు రెండు నిమిషాలు కదా అని ఒక ఆశ. స్వాతికి ఫోన్ చేశాను.

"పచ్చదే మేడం" అంది. వెంటనే అంది. ఆలోచించుకోలేదు.

"నీకు తెలుసా?"

"అప్పుడే డౌటొచ్చింది మేడం."

"మరి చెప్పలేదేం?"

"మీ పక్కన కూసొని మీకు టైం చెప్పుడా? నాతోని గాదు మేడం."

ఫోన్ పెట్టేశాక గోల్స్ టైములు చూశాను. మొదటి నిమిషంలో ఒక్క గోల్ లేదు. రెండూ రెండో నిమిషంలోవే. సైదులు కుర్చీలో ఉండకూడని నిమిషంలోవి.  

యాదగిరి సార్

ఆ పోటీల బాధ్యుడు యాదగిరి సార్ సూర్యాపేటలో లాడ్జిలో ఉన్నారని తెలిసి పది గంటల బస్సుకు వెళ్లాను. ఆయన పెట్టె సర్దుకుంటున్నారు. షీటు చూపించాను. చూసి, తలుపు దగ్గరికి వేశారు.

"ఇంకెవరికన్న చెప్పిన్రా?"

"స్వాతికి తెలుసు."

"ఎవరన్న అబ్జెక్షన్ పెట్టిన్రా? కోచ్? పిల్లగాడు?"

"లేదు."

"మరి మీరెందుకు పరేషాన్ అయితున్నరు? ఇరవై ఆరేండ్ల పేరు మేడం మీది. ఒక్క కాగితంతోని ఖతం చేసుకుంటరా? ఇంటికి పోయి సల్లగ పండుకోండ్రి."

"ఆ అబ్బాయి పదమూడోవాడయ్యాడు సార్."

"వచ్చేసారి ఉండదా?"

"ఉంటుందని మీరు రాసిస్తారా?"

ఆయన నవ్వారు. చెడ్డవాడు కాదు. నా మేలు కోరే చెప్పారు. ఇలాంటి మేలు కోరేవాళ్లు మీకూ ఎదురవుతారు, టీ కూడా ఇప్పిస్తారు. టీ తాగండి, మాట వినకండి. అక్కడే కూర్చుని జరిగింది జరిగినట్టు ఉత్తరం రాసి, సంతకం చేసి, ఆయన చేతిలో పెట్టి రసీదు తీసుకున్నాను.

తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. అభ్యంతరం చెప్పాల్సిన గడువు దాటింది, జాబితా మారదు. నన్ను ఇక టేబుల్‌కు పిలవరని అందులో లేదు. నేనే ఇక రానని తిరుగు టపాలో రాశాను.

ఆ తొమ్మిది రోజులూ సైదులుకు నేనేమీ చెప్పలేదు. జాబితా మారుతుందేమో, మంచి కబురుతో పాటు చెబుదామని ఆగాను. ఇది నా రెండో తప్పు. మొదటిది చెయ్యి చేసిన తప్పు, ఇది తెలిసి చేసింది. తప్పు ఒప్పుకోవడానికి మంచి కబురు కోసం ఎదురుచూడకండి.

మిల్లులో

జవాబు అందిన మరునాడు మిర్యాలగూడ వెళ్లాను. మధ్యాహ్నం ఒంటిగంట. హమాలీలు అరుగు మీద అన్నాలు తింటున్నారు. గోదాముకు తాళం వేసి ఉంది. సైదులు కాంటా దగ్గర ఒక్కడే నిలబడ్డాడు. పక్కకు పిలిచి అంతా చెప్పాను. ఉత్తరం, జవాబు చూపించాను.

అతను కాగితాలు చదవలేదు. "నాకు తెల్సు మేడం" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నిమిషమే అని. 5:10కి లేవబోయిన గదా. మీరు కూసోమన్నరు."

ఫోన్‌లో స్వాతి మాట విన్నప్పుడు కూడా నాకు ఇంత దెబ్బ తగల్లేదు. "తెలిసి ఎందుకు కూర్చున్నావు నాయనా? ఒక్క మాట అడిగితే పోయేది కదా!"

"మిమ్ముల ఎవరడుగుతరు మేడం? పోయినేడు కోదాడల ఒకాయన ఇంకెంత టైం ఉందని అడిగితే మీరేం చేసిన్రు? గ్రౌండ్ అవతలికి పంపిన్రు. నేను గాడనే ఉన్న." కర్ర పట్టి కాయలు కాసిన అరచేతిని ఇంకో చేత్తో రుద్దుకుంటూ అన్నాడు. "పైగా మీరు తప్పుతరని అనుకోలే. నాకే రూల్ తెల్వదేమో, ఇండోర్ల మార్చిన్రేమో అనుకున్న. కూసొని లెక్కవెట్టుకుంట ఉన్న. ఒక గోల్ పడ్డది. రెండోది పడ్డది. అప్పుడు గూడ మీ దిక్కే సూసిన."

"నా మీద కోపం లేదా?"

"ఉన్నది." మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "మస్తున్నది. మీతోని గాదు మేడం గిప్పుడు నా బాధ. మా నాయినతోని."

కార్డు తిని జట్టును ముంచాడన్న మాట హమాలీల దాకా వచ్చిందట. సెలవు రోజుల్లో బస్తాలు మోసినవాళ్ల ముందు రూప్లా తల ఎత్తుకోలేకపోయాడు. కొట్లాడి చెడగొట్టుకున్నాడని కొడుకుతో మాట మానేశాడు. తాళంచెవి సేటుకు ఇచ్చేశాడు. పది రోజులుగా సైదులు కర్ర ముట్టుకోలేదు. ఈ పది రోజుల్లో తొమ్మిది నేను జవాబు కోసం కూర్చున్నవి.

ఇద్దరం అరుగు దగ్గరికి వెళ్లాం. నన్ను చూసి రూప్లా చెయ్యి కడుక్కోబోయాడు. కూర్చోమన్నాను. ఆరుగురు హమాలీలు తింటున్నారు. వాళ్లందరికీ వినబడేలా, చిన్న తరగతికి చెప్పినట్టు చెప్పాను. కార్డు ఎందుకు వచ్చింది, ఎంతసేపు కూర్చోవాలి, ఎంతసేపు కూర్చోబెట్టాను, గోల్స్ ఎప్పుడు పడ్డాయి.

రూప్లా చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టాడు. "ఒక్క నిమిషమా?" అన్నాడు. "ఒక్క నిమిషానికి గింతనా మేడం?"

"అంతే."

"అయితే మావోని తప్పేం లేదన్నట్టు."

పక్కనున్న హమాలీ వెంటనే అందుకున్నాడు. "అరే, మేడమే వచ్చి చెప్తుంటే ఇంకేం తప్పురా!"

అక్కడితో ఊరుకుంటే అందరికీ సుఖంగా ఉండేది. నాకు చేతకాలేదు. "కార్డు మీవాడి తప్పే రూప్లా. కర్ర మీద కర్ర వేశాడు. దానికి ఒక నిమిషం. రెండో నిమిషం నాది. గోల్స్ పడ్డది నా నిమిషంలో."

సైదులు తల దించుకుని నేల వైపు చూస్తున్నాడు. రూప్లా పళ్లెంలో మిగిలిన అన్నం పూర్తిగా తిన్నాడు. లేచి, చెయ్యి కడుక్కుని, తుండుతో తుడుచుకుని, పది రోజుల తర్వాత కొడుకుతో మొదటి మాట అన్నాడు.

"నీ నిమిషం నువ్వు జర సక్కగ సూసుకో. నడు, సేటు తాన తాళంచెవి అడుగుదాం."